ఓరుగల్లు గన్నయ, ఢిల్లీ మక్బూల్

స్వర్ణోత్సవ సంచికకు ఓరుగల్లు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంచిక కమిటీ మిత్రులు అడిగినప్పుడు రుద్రమదేవి గురించో రామప్ప గుడి గురించో రాస్తాననుకొని ఉంటారు. అవి నాకంటే బాగా రాయగలిగినవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లోనే ఉన్నారు. నాకు ఎప్పటి నుంచో ఒక మనిషి గురించి రాయాలని ఉంది. ఆయన ఈ ఊరి కోటలో కొలువు చేసి, ఢిల్లీలో మట్టిలో కలిశాడు. మధ్యలో పేరు మార్చుకున్నాడు, మతం మార్చుకున్నాడు, ఒక దశలో ఢిల్లీ సల్తనత్తును తానే నడిపాడు. ఖిలా వరంగల్‌కు విహారయాత్రకు వెళ్లి తోరణాల నీడన టిఫిన్ డబ్బాలు విప్పుకున్న మనకు ఆయన పేరు ఎవరూ చెప్పలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. సోషల్ పాఠంలో 1323 ముట్టడి వచ్చిందంటే మా బెంచీ మీద కూర్చునే ఒక మిత్రుని వైపు తలలు తిరిగేవి. ‘మీవాళ్లే’ అని వెనక నుంచి ఎవరో ఒకరు గుసగుసలాడేవారు. ‘మీరు ఎక్కడికెంచి వచ్చిండ్రురా?’ అని అడిగితే అతను ‘యాడికెంచీ రాలే, ఈడనే ఉన్నం’ అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. వాళ్ల నాయనమ్మ మా అమ్మతో మాట్లాడే తెలుగుకూ మా ఇంటి తెలుగుకూ అక్షరం తేడా ఉండేది కాదు. అయినా ఆ జవాబును ఒకసారి ఆగి ఆలోచించాలని అప్పుడు తోచలేదు.

ఓరుగల్లు మీదికి వచ్చినవాళ్లు ఎవరో ముందు చూద్దాం. 1310లో కోటను ముట్టడించి, ప్రతాపరుద్రుని దగ్గర ఏనుగులు, గుర్రాలు, ధనరాశులు తీసుకుపోయిన సేనాని మలిక్ కాఫూర్. ఆయన తురుష్కదేశం నుంచి వచ్చినవాడు కాదు. 1299లో అలాఉద్దీన్ ఖిల్జీ సైన్యం గుజరాత్‌ను కొల్లగొట్టినప్పుడు ఖంభాత్ రేవులో దొరికిన బానిస. 1318లో మళ్లీ వచ్చి కప్పం వసూలు చేసుకుపోయిన ఖుస్రోఖాన్‌దీ అదే తరహా కథ. యుద్ధంలో పట్టుబడ్డ కుర్రవాడు, మతం మారినవాడు, తర్వాత రెండేళ్లకు సుల్తానునే చంపించి కొన్ని నెలలు గద్దె మీద కూర్చున్నవాడు. అంటే మన కోట గోడల ముందు నిలబడ్డ సేనానులిద్దరూ మొదటి తరం మతాంతరులే. ఆ సైన్యాలను బయటి నుంచి వచ్చినవని ఊరికే అంటాం గాని, వాటిని నడిపినవాళ్లలో ఈ దేశపు మట్టిలో పుట్టినవాళ్లు తక్కువేమీ కాదు.

ఇక మన మనిషి దగ్గరకు వద్దాం. 1323లో గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుఘ్‌ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, రెండోసారి వచ్చి ఓరుగల్లును పట్టుకున్నాడు. అంతకు ముందటి ఏడాది వచ్చి విఫలుడై దేవగిరికి వెనుదిరిగాడు గనక ఈసారి కసితోనే వచ్చాడు. నెలల తరబడి ముట్టడి తర్వాత ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. ఆయనను ఢిల్లీకి తరలిస్తుండగా నర్మదా తీరంలో ప్రాణం పోయింది. కోట మధ్యలో ఉన్న స్వయంభూ శివాలయం నేలమట్టమైంది. మనం ఫొటోలు దిగే నాలుగు తోరణాలు ఆ ఆలయ ప్రాంగణానివే. ఊరి పేరు సుల్తాన్‌పూర్‌గా మార్చారు. ఆ పేరు నిలవలేదు, అది వేరే మాట. ఆ కాలంలో ఈ నేల ఎంత కష్టపడిందో ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనంలో కనిపిస్తుంది. ఆ శాసనాన్ని చదివిన ఎవరూ ఆ దండయాత్రను తేలికగా తీసుకోలేరు. నేనూ తీసుకోను.

ప్రతాపరుద్రునితో పాటు బందీలుగా వెళ్లినవాళ్లలో ఒకడు ఢిల్లీ చేరాడు. షమ్స్-ఎ-సిరాజ్ అఫీఫ్ అనే ఢిల్లీ చరిత్రకారుడు ‘తారీఖ్-ఎ-ఫిరోజ్‌షాహీ’లో ఈయన కథ చెప్పాడు. (అదే పేరుతో జియాఉద్దీన్ బరనీ కూడా ఒక చరిత్ర రాశాడు. రెండింటినీ కలిపేసి తికమకపడినవాళ్లలో నేనూ ఒకణ్ణి.) అఫీఫ్ చెప్పేది ఇదీ: ఆయన తిలంగ్ దేశస్థుడు, పేరు కన్ను. తనవాళ్లలో పెద్దవాడు, ఆ దేశపు రాజుకు ఇష్టుడు. రాజు దారిలో చనిపోయాక కన్ను సుల్తాన్ మహమ్మద్ ముందు హాజరై ఇస్లాం స్వీకరించాడు. సుల్తాను మక్బూల్ అని పేరు పెట్టాడు. మక్బూల్ అంటే ఆమోదం పొందినవాడు.

మరి ఈ కన్ను ఎవరు? ఇక్కడే తెలుగు సాహిత్యం చరిత్రకు సాయానికి వస్తుంది. తిక్కన శిష్యుడైన మారన మార్కండేయ పురాణాన్ని తెలుగు చేశాడు. తెలుగులోకి వచ్చిన మొదటి పురాణం అదే. పెద్దన మనుచరిత్రకు మూలకథ అందులోనిదే అంటే తెలుగు పండిట్ల శిష్యులందరికీ గుర్తొస్తుంది. ఆ పురాణాన్ని మారన అంకితమిచ్చింది ప్రతాపరుద్రుని కొలువులో ఓరుగల్లు కోట రక్షణ చూసిన నాగయ గన్నయకు. పారశీక లిపిలో గన్నయ కన్నుగా మారడానికి పెద్ద దూరం లేదు. రాజుకు అంత దగ్గరివాడు, ఓరుగల్లులో అంత పెద్ద హోదా ఉన్నవాడు, అదే కాలంవాడు కావడంతో, గన్నయే మక్బూల్ అని చరిత్రకారులు నిర్ణయానికి వచ్చారు. ఇది శాసనం చెప్పిన మాట కాదు. రెండు భాషల పుస్తకాలను పక్కపక్కన పెట్టి చేసిన ఊహ. కాని బలమైన ఊహ.

అఫీఫ్ ఇంకో మాట కూడా రాశాడు. మక్బూల్‌కు చదవడం, రాయడం రాదట. అయినా మహా తెలివైనవాడట. పురాణం అంకితం పుచ్చుకున్నవాడు నిరక్షరాస్యుడేమిటి అని నాకు మొదట నవ్వొచ్చింది. ఢిల్లీ కచేరీలో చదువంటే పారశీకమే కదా. తెలుగు పద్యం విని తలూపిన మనిషి అక్కడ చదువురానివాడిగా లెక్కకు వచ్చాడనే నేను అనుకుంటాను. సుల్తాను ముందు కాగితాల మీద ఆయన ‘మక్బూల్, మహమ్మద్ తుగ్లక్ బానిస’ అని దస్కతు చేసేవాడట. ఒకప్పుడు కోట తాళాలు చేతిలో ఉన్న మనిషి ఆ దస్కతు నేర్చుకోవడానికి ఎంత కాలం పట్టిందో!

ఎందుకు మతం మారాడు? ఈ ప్రశ్నకు అందరి దగ్గరా తయారుగా జవాబులున్నాయి. ప్రాణభయం అనేవారు ఒకరు, పదవీ వ్యామోహం అనేవారు ఒకరు, నమ్మకం కుదిరింది అనేవారు ఒకరు. ఆయన మనసులోని మాటను ఏ పుస్తకమూ రాసిపెట్టలేదు. ఆ కాలపు ఆనవాయితీ మాత్రం మనకు తెలుసు. 1330లలో ఢిల్లీకి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఒక సంగతి చెప్పాడు. ఇస్లాం స్వీకరించదలచిన హిందువును సుల్తాను ముందుకు తీసుకువస్తే, సుల్తాను అతనికి మంచి వస్త్రాలు, హోదాకు తగ్గట్టు బంగారు ఆభరణాలు ఇచ్చేవాడట. 1327లో కంపిలి రాజ్యం కూలినప్పుడు చనిపోయిన రాజు కొడుకులు పదకొండు మందిని ఇస్లాంలోకి తీసుకుని అమీర్లను చేశారని, వాళ్లలో కొందరిని తాను కలిశానని కూడా ఆయన రాశాడు. అంటే మహమ్మద్ తుగ్లక్‌కు ఇది ఒక పద్ధతి. ఓడిన రాజ్యపు పెద్దలను చంపడం కంటే కొలువులో కలుపుకోవడం లాభమని లెక్క. బందీకి కూడా అది ఒక్కటే తెరిచిన తలుపు. తెరిచి ఉన్నది ఒక్కటే తలుపైనప్పుడు దాంట్లోంచి వెళ్లినవాడిని ఇష్టపడి వెళ్లాడనాలా, బలవంతాన వెళ్లాడనాలా?

ఆ తలుపు అవతల మక్బూల్ త్వరగా పైకి వెళ్లాడు. ముల్తాన్ పాలన చేతికి వచ్చింది. ఖివామ్-ఉల్-ముల్క్ అనే బిరుదు వచ్చింది. కొడుకు పుడితే సుల్తాను తన చిన్ననాటి పేరు జూనాను గుర్తు చేస్తూ జూనాన్‌షా అని పేరు పెట్టించాడు. తర్వాత నాయబ్ వజీరు అయ్యాడు.

ఇక్కడ కథ మన ఊరికి తిరిగి వస్తుంది. 1335 ప్రాంతంలో మహమ్మద్ తుగ్లక్ మధుర తిరుగుబాటును అణచడానికి దక్షిణానికి బయలుదేరి ఓరుగల్లు దాకా వచ్చాడు. సైన్యంలో మహమ్మారి పాకింది. పెద్ద పెద్ద సర్దారులు చనిపోయారు, సుల్తాను కూడా జబ్బుపడ్డాడు. చేసేది లేక వెనుదిరిగాడు. (దారిలో ఒక పన్ను ఊడితే బీడ్ దగ్గర దానికి సమాధి కట్టించాడు. వ్యాసం బరువెక్కుతోందని ఈ సంగతి చెప్పాను.) వెళ్తూ వెళ్తూ తెలంగాణను నాయబ్ వజీరుకు అప్పగించాడని బరనీ రాశాడు. ఆ నాయబ్ వజీరు మన మక్బూలే అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

ఒక్కసారి ఊహించండి. పన్నెండేళ్ల కిందట రాజు తరఫున ఏ కోటను కాపాడాడో అదే కోటలోకి ఇప్పుడు సుల్తాను తరఫున అధికారిగా వచ్చాడు. కొలువుకూటం ఉన్న చోట తుగ్లకుల మహలు, గుడి ఉన్న చోట రాళ్ల గుట్ట. వీధుల్లో పాత ముఖాలు. వాళ్లు గన్నయా అని పిలిచారో, మలిక్ అని సలాము చేశారో. ఇదంతా నా ఊహ. పుస్తకాల్లో ఉన్నది తర్వాతి ఒక్క ముక్కే. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయనాయకుడు తిరగబడ్డాడు. హొయసల వీరబల్లాలుని తోడ్పాటు కూడా ఉంది. నాయబ్ వజీరు ఓరుగల్లు వదిలి ఢిల్లీకి పారిపోయాడు. ప్రతాపరుద్రుని కొలువు నీడలోంచి వచ్చిన ఇద్దరు తెలుగువాళ్లు ఆ రోజు కోట కోసం ఎదురుబొదురు నిలబడ్డారు. ఒకరు గెలిచారు, ఒకరు మళ్లీ ఓరుగల్లు ముఖం చూడలేదు.

కాపయనాయకుని విజయం మనం గర్వించే ఘట్టమే, అనుమానం లేదు. కాని ఆ పక్కనే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. కాపయ బంధువు ఒకణ్ణి సుల్తాను కంపిలికి పంపితే, అతను ఇస్లాంను వదిలిపెట్టి తిరగబడ్డాడని బరనీ రాశాడు. విజయనగర స్థాపకులైన హరిహర బుక్కలలో ఒకరి గురించే ఈ మాట అని కొందరు పండితులు, కాదని కొందరు. ఆ తగాదాలోకి నేను దిగను. ఆ రోజుల్లో ఈ తలుపులోంచి లోపలికి వెళ్లినవాళ్లూ ఉన్నారు, బయటికి వచ్చినవాళ్లూ ఉన్నారు. మక్బూల్ బయటికి రాలేదు.

1351లో మహమ్మద్ తుగ్లక్ సింధులో చనిపోయాడు. సైన్యం అక్కడే ఫిరోజ్‌షాను సుల్తాను చేసింది. ఢిల్లీలో ఉన్న వజీరు ఖ్వాజా జహాన్ ఒక పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టాడు. మక్బూల్ తన భార్యాబిడ్డలతో సహా ఢిల్లీ కోట దాటి ఫిరోజ్‌షాను కలుసుకున్నాడు. లెక్క తప్పలేదు. కొత్త సుల్తాను ఆయనను వజీరును చేసి ఖాన్-ఎ-జహాన్ బిరుదిచ్చాడు. ఏడాదికి పదమూడు లక్షల టంకాల జీతం. కొడుకులకు వేరే భరణాలు. అసలు ఢిల్లీ పాదుషా ఖాన్-ఎ-జహానే అని ఫిరోజ్‌షా అనేవాడని అఫీఫ్ చెబుతాడు.

అది ఉత్త పొగడ్త కాదు. ఫిరోజ్ నెలల తరబడి బెంగాల్‌లోనో, జాజ్‌నగర్ అనే ఒరిస్సాలోనో ఉండేవాడు. ఢిల్లీని, ఖజానాను నడిపింది మక్బూల్. సింధులోని థట్టా మీదికి వెళ్లినప్పుడు సుల్తాను సైన్యం కచ్ రణ్‌లో దారితప్పింది. ఆరు నెలల పాటు కబురు లేదు. నగరంలో ఇంటింటా ఏడుపులు మొదలయ్యాయి. ఖాన్-ఎ-జహాన్ ఖజానాలోని విలువైనవన్నీ తన ఇంటికి చేర్చి కాపలా పెట్టాడు. రోజూ గుర్రమెక్కి ఊరంతా తిరిగాడు. అయినా జనం కుదుటపడకపోతే, సుల్తాను క్షేమమని ఒక ఫర్మానా తానే పుట్టించి అందరిముందు చదివించాడు. సుల్తాను తిరిగి వచ్చేదాకా గద్దె భద్రంగా ఉంది. కావాలనుకుంటే ఆ ఆరు నెలల్లో దాని మీద తానే కూర్చోగలిగిన మనిషి. ఖుస్రోఖాన్ చేసిన పని ఈయన చేయలేదు.

అయితే ఈయన వజీరుగా ఉన్న రాజ్యం అందరికీ చల్లనిదేమీ కాదు. అంతకు ముందు జిజియా పన్ను లేని బ్రాహ్మణుల మీద ఫిరోజ్ ఆ పన్ను వేశాడు. కల్మా చదివినవారికి జిజియా మాఫీ అని చాటించానని, దానితో గుంపులు గుంపులుగా వచ్చి చేరారని తన గురించి తానే రాసుకున్నాడు. ఇది మతాంతరానికి ఇంకో ముఖం. సర్దారుకు వస్త్రాలు, బంగారు కడియం. కూలివాడికి పన్ను మాఫీ. ఆ ఏర్పాట్లన్నీ చూసే దివాన్‌కు అధిపతి మన ఓరుగల్లు మనిషి.

కొలువులో ఆయనను ఎలా చూశారు? పుట్టుక తక్కువవాళ్లకు పదవులిచ్చాడని మహమ్మద్ తుగ్లక్‌ను బరనీ పుస్తకమంతా తిట్టిపోశాడు. తురుష్క వంశాల గర్వం అలాంటిది. కల్మా చదివినంత మాత్రాన అందరూ ఒక పంక్తిలో కూర్చున్నారనుకుంటే పొరపాటు. మక్బూల్ పేరు పక్కన తిలంగానీ అనే మాట ఆయన చచ్చేదాకా, చచ్చాక కూడా ఉంది. ఎత్తిపొడుపుగా అన్నవాళ్లు ఉండవచ్చు, గుర్తుగా అన్నవాళ్లు ఉండవచ్చు. ఏ తీరుగా అన్నా, తెలంగాణ పేరు ఢిల్లీ చరిత్రలో మొదట ఒక మనిషి ఇంటిపేరులా వినిపించింది ఇలా.

హిజ్రీ 770లో, అంటే 1368-69లో, ఆయన చనిపోయాడు. కాపయనాయకుడు భీమవరం యుద్ధంలో రేచర్ల వెలమల చేతిలో కూలింది కూడా 1368 ప్రాంతంలోనే. ఓరుగల్లు కోసం తలపడిన ఇద్దరూ ఒక ఏడాది అటూ ఇటూగా పోయారు.

తండ్రి పదవీ బిరుదూ కొడుకు జూనాన్‌షాకు దక్కాయి. ఢిల్లీలోని ఖిర్కీ మసీదు, తుర్క్‌మాన్ గేటు దగ్గరి కలాన్ మసీదు ఆయన కట్టించినవిగా పేరుపొందాయి. 1387 నాటి కలాన్ మసీదు శాసనంలో తండ్రీకొడుకులిద్దరి బిరుదులూ ఉన్నాయి. నాకు ఇంతకంటే ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇంకొకటి. 1379లో మౌలానా దావూద్ అవధీలో ‘చాందాయన్’ అనే కావ్యం రాశాడు. ఆ భాషలో సూఫీ ప్రేమకావ్యాలకు అదే మొదలు. అందులో ప్రశంస అందుకున్న ప్రభువు ఈ జూనాన్‌షా. తండ్రి పేరు తెలుగులో మొదటి పురాణంతో, కొడుకు పేరు అవధీలో మొదటి ప్రేమకావ్యంతో ముడిపడ్డాయి. ఆ వైభవం ఆట్టే రోజులు నిలవలేదు. 1387లోనే రాకుమారుడు మహమ్మద్‌తో పగబట్టి ఓడిన జూనాన్‌షా మేవాత్‌కు పారిపోయాడు. పట్టి తెచ్చి తల నరికారు.

ఈ మధ్య గన్నయ మా కులంవాడంటే మా కులంవాడని ఫోన్లలో తెగ కొట్టుకుంటున్నారు. ఇంకొందరు ద్రోహి అంటారు. ఆయనను సొంతం చేసుకునేవాళ్లు మతం మారిన సంగతి మెల్లగా దాటవేస్తారు, తిట్టేవాళ్లు ప్రతాపరుద్రుడు చనిపోయేదాకా ఆయన వెంటే బందీగా నడిచిన సంగతి దాటవేస్తారు.

మరి మా బెంచీ మిత్రుడు? అతని పూర్వీకులకు చరిత్ర రాసిన అఫీఫ్ ఎవరూ లేడు. ఓరుగల్లులో తుగ్లకుల పాలన పట్టుమని పద్నాలుగేళ్లు కూడా లేదు. పద్నాలుగేళ్లలో పల్లెలు పల్లెలు మతం మారవు. 1324లోనే రాజమహేంద్రవరంలో ఉలుఘ్‌ఖాన్ పేరున మసీదు లేచింది నిజమే. కాని తెలుగు ముస్లిం సమాజం రూపు కట్టింది ఆ తర్వాతి శతాబ్దాల్లో, బహమనీల కాలంలో, కుతుబ్‌షాహీల కాలంలో, నిజాముల కాలంలో. దర్గాల చుట్టూ, సంతల చుట్టూ, కచేరీల చుట్టూ, చేతివృత్తుల చుట్టూ మెల్లమెల్లగా. దూది ఏకే దూదేకులవారి ఇంటిభాష తెలుగే. మన పల్లెల్లో పీర్ల పండుగకు నిప్పుల గుండం తవ్వేవాళ్లలో, పీరు ఎత్తేవాళ్లలో ఎవరు ఏ మతమో విడదీసి చెప్పడం ఇప్పటికీ కష్టమే.

ఇక పేరును బట్టి మతం తేల్చేవాళ్లకు మన కోటలోనే జవాబుంది. 1504 నాటి శాసనం వేయించిన ప్రభువు పేరు షితాబ్‌ఖాన్. ఆయన అసలు పేరు సీతాపతి. బహమనీ కొలువు బిరుదును పేరుగా పెట్టుకుని, కాకతీయుల కాలపు దేవతను మళ్లీ ప్రతిష్ఠించిన హిందువు. ఆయన పేరు వింటే మా తరగతి ఎవరి వైపు తిరిగేదో!

పదేళ్ల కిందట ఢిల్లీ వెళ్లినప్పుడు మక్బూల్ సమాధి కోసం నిజాముద్దీన్ బస్తీలో వెతికాను. ఔలియా దర్గా పూల దుకాణాలు దాటి, సందుల్లో నలుగురైదుగురిని అడిగితే గాని దొరకలేదు. ఎనిమిది మూలల కట్టడం, చుట్టూ వసారా, మీద గుమ్మటం. ఢిల్లీలో ఇలాంటి అష్టభుజి సమాధుల్లో ఇదే మొదటిది. తర్వాత సయ్యదులు, లోడీలు కట్టుకున్నవి దీన్ని చూసి కట్టుకున్నవే. లోడీ తోటలో జనం బారులు తీరి చూసే సమాధులకు ఇది తాత. దీని చుట్టూ మాత్రం ఇళ్లు అల్లుకుపోయాయి. వసారా తోరణాలకు గోడలు లేచాయి, దండేల మీద బట్టలు ఆరుతున్నాయి. ఒక పెద్దామె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఎక్కడి నుంచి వచ్చావని అడిగింది. వరంగల్ అన్నాను. అదెక్కడో ఆమెకు తెలియలేదు. హైదరాబాద్ దగ్గర అన్నాక, ‘అంత దూరం నుంచా, ఇందులో మీవాళ్లెవరైనా ఉన్నారా?’ అంది.

ఉన్నారన్నాను.